మానేద్దామనిపించే గంట

ఉద్యోగం మానేద్దామన్న ఆలోచన ఆఫీసులో పుట్టిందా, ఇంట్లో పుట్టిందా అని అడిగితే చాలామంది ఆడవాళ్ళు సూటిగా చెప్పలేరు. రైల్లో పుట్టింది అంటే మాత్రం నేను వెంటనే నమ్ముతాను. సాయంత్రం ఏలూరులో తాడేపల్లిగూడెం వైపు వెళ్ళే ప్యాసింజరు ఎక్కి ఆడవాళ్ళ పెట్టెలో కూర్చోండి. ఒకావిడ ఒళ్ళో కవరు పరుచుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటుంది. పక్కావిడ గోంగూర ఆకులు తుంచుతుంటుంది. ఎదురు సీట్లో అమ్మాయి ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, "సైన్సు నోట్సు అల్మరాలో కింద అరలో ఉంది నాన్నా, బామ్మని అడుగు" అంటుంది. ఆ ఫోను పెట్టేయగానే ఆఫీసు గ్రూపులో ఎనిమిది మెసేజీలు. రేపు పదింటికల్లా రిపోర్టు కావాలట. దెందులూరు దాటేసరికి కూర పని అయిపోతుంది. పూళ్ళ వచ్చేలోపు ఎవరో ఒకరు అననే అంటారు: "ఎందుకే ఈ గోల, మానేద్దామనిపిస్తోంది."

అన్నావిడ మర్నాడు మళ్ళీ అదే బండి ఎక్కుతుంది. అయినా ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. అమెరికాలో విలియం మోబ్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో, పని మీద విసుగుకీ రాజీనామాకీ మధ్య ఉండే మెట్లను వరసపెట్టి రాశాడు. విసుగు మొదలవుతుంది. మానేద్దామా అన్న ఊహ వస్తుంది. మానేస్తే ఏం పోతుంది, ఇంకోటి దొరుకుతుందా అని లెక్క వేసుకుంటారు. వెతుకుతారు, దొరికినదాన్ని ఉన్నదానితో పోల్చి చూస్తారు. అప్పుడు 'మానేస్తాను' అన్న నిశ్చయం కుదురుతుంది. నేను చూసినంతలో మన వైపు మగవాళ్ళు ఈ మెట్లన్నీ ఎక్కి ఇంకో ఉద్యోగంలో తేలతారు. ఆడవాళ్ళు మధ్య మెట్లు వదిలేసి, విసుగు నుంచి ఒక్క అంగలో వంటింట్లోకి వెళ్ళిపోతారు. లెక్కా ఉండదు, వెతుకులాటా ఉండదు. ఈ అధ్యాయం ఆ మధ్య మెట్ల గురించే.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. మిమ్మల్ని మానేయమని తొందరపెట్టేది చాలాసార్లు ఉద్యోగం మొత్తం కాదు, రోజులో ఏదో ఒక గంట. అదేదో తెలుసుకోకుండా రాజీనామా ఇస్తే ఉద్యోగం పోతుంది, ఆ గంట ఇంట్లోనే ఉంటుంది.

ఎక్కడ ఢీకొంటోంది?

ఇల్లూ ఉద్యోగమూ ఢీకొనే తీరు మూడు రకాలని జెఫ్రీ గ్రీన్‌హాస్, నికొలస్ బ్యూటెల్ 1985లో రాశారు. ఒకటి, వేళల గొడవ. పవర్‌పేటలో బడి నాలుగింటికి వదిలేస్తారు, మీ కౌంటరు మూసేది ఐదున్నరకి. ఆ గంటన్నర పిల్లాడు ఎవరి చేతిలో ఉండాలి? రెండోది, అలసట గొడవ. వేళకే ఇంటికి వస్తారు, కానీ మనిషిలో ఏమీ మిగలదు. పగలంతా వార్డులో నిలబడి వచ్చిన నర్సుకి, ఇంటికొచ్చాక కూతురు చెప్పే బడి కబుర్లు చెవిన పడతాయి గానీ బుర్రకెక్కవు. మూడోది చాలామంది గుర్తించరు. ఆఫీసులో పనికొచ్చే స్వభావం ఇంట్లో పనికిరాదు. నలభై మంది పిల్లల మీద గొంతు పెంచి పెంచి వచ్చిన టీచరు, ఇంట్లో ఉన్న ఒక్క పిల్లాడితోనూ అదే గొంతుతో మాట్లాడుతుంది. తర్వాత తనే ఏడుస్తుంది. లోను వసూళ్ళ ఫోన్లు చేసే అమ్మాయి మొగుడిని కూడా "ఎప్పటికల్లా అవుతుందో తేదీ చెప్పండి" అని నిలదీస్తుంది.

ఈ తేడా ఎందుకు చూడాలంటే, ఒకదానికి పనిచేసే మందు ఇంకోదానికి పనిచేయదు. వేళల గొడవకు మనిషి కావాలి, లేదా వేళలు మారాలి. అలసటకు నిద్ర కావాలి, షిఫ్టు మారాలి, ఇంటిపని తగ్గాలి. మూడోదానికి ఆఫీసుకీ ఇంటికీ మధ్య ఒక పావుగంట ఖాళీ చాలు. బండి దిగి ఇంటికి నడిచి వెళ్ళే దారి కూడా అందుకు సరిపోతుంది, ఆ దారిలో ఫోను తీయకపోతే.

కొల్లేటి పల్లెల్లో వేళల గొడవకు నీళ్ళు కూడా తోడవుతాయి. మండవల్లి, కైకలూరు మండలాల లంక ఊళ్ళలో పనిచేసే టీచర్లు, ఏఎన్ఎంలు, సచివాలయం ఉద్యోగులు 2024 సెప్టెంబరును మరిచిపోరు. బెజవాడను ముంచిన బుడమేరు నీళ్ళు కొల్లేటికి చేరాక లంక గ్రామాల రోడ్లు మునిగాయి, పడవలే దిక్కయ్యాయి. అలాంటప్పుడు డ్యూటీకి రాలేకపోతే ఎవరూ పెద్దగా తప్పు పట్టరు. నీళ్ళని అందరూ ఒప్పుకుంటారు. పిల్లాడికి నూటమూడు జ్వరం అని చెప్పడానికి మాత్రం అదే ఉద్యోగిని మొహమాటపడుతుంది. "కడుపునొప్పి సార్" అని తన మీద వేసుకుని సెలవు అడుగుతుంది. ఇది మానండి. అసలు కారణం చెప్పకపోతే, పిల్లల జ్వరం అనేది మీ పై అధికారి లెక్కలోకి ఎప్పటికీ రాదు.

ఇక ఒత్తిడి. పని ఎక్కువైతే ఒత్తిడి వస్తుందని అందరం అనుకుంటాం. రాబర్ట్ కరాసెక్ 1979లో చెప్పింది కొంచెం వేరు. పని భారం ఎక్కువగా ఉండి, దాన్ని ఎప్పుడు చేయాలో ఎలా చేయాలో తేల్చుకునే వీలు తక్కువగా ఉన్నప్పుడే మనిషి బాగా నలుగుతాడని ఆయన తేల్చాడు. బ్రాంచి మేనేజరుకి తలకు మించిన పని ఉంటుంది. అయినా మధ్యలో లేచి కూతురి బడికి వెళ్ళిరాగలడు. క్యాష్ కౌంటరులో కూర్చున్నావిడ మంచినీళ్ళకి లేవాలన్నా లైన్లో ఉన్న మొహాల వంక చూడాలి. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల వల్ల ఎంతోమంది ఆడపిల్లలకు సొంత ఊరికి దగ్గర్లో సర్కారీ ఉద్యోగం వచ్చింది. అది చిన్న విషయం కాదు. కానీ ఆ ఉద్యోగం చేసేవాళ్ళతో మాట్లాడి చూడండి. పని కష్టం గురించి తక్కువ చెబుతారు. సాయంత్రం ఐదింటికి వచ్చే కొత్త సర్వే గురించి, "ఈ రాత్రికే పూర్తవ్వాలి" అన్న మెసేజీ గురించి, ఓటీపీ కోసం ఇల్లిల్లూ తిరగడం గురించి చెబుతారు. అంటే వాళ్ళ వేళ వాళ్ళ చేతిలో లేదు.

దీన్నుంచి ఒక ఉపాయం పట్టుకోవచ్చు. "సార్, పని తగ్గించండి" అని అడిగితే ఎవరూ తగ్గించరు, పైగా చేతకానిదని ముద్ర వేస్తారు. "ఈ పని ఎప్పుడు చేయాలో నన్ను చూసుకోనివ్వండి" అని అడగండి. రెండోది ఒప్పుకోవడం వాళ్ళకీ తేలిక.

వారం రోజుల చిట్టా

పాత డైరీ ఒకటి తీసుకోండి. వారం పాటు రోజుకు నాలుగుసార్లు, ఇంట్లోంచి బయల్దేరినప్పుడు, మధ్యాహ్నం బాక్సు విప్పినప్పుడు, ఇంటికి చేరినప్పుడు, పడుకునే ముందు, టైము వేసి ఒక్క వాక్యం రాయండి. 'అలసిపోయాను' అని రాయొద్దు, అది రోజూ నిజమే. ఏం జరిగిందో రాయండి. "6:50. తాళం తీసేసరికి సింకు నిండా గిన్నెలు. ఆయన టీవీ ముందు." "11:20. రేపటి టార్గెట్ షీటు. పాప పక్కలో నిద్రపోలేదు."

వారం తిరిగేసరికి ఒక టైము మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. మీ గంట అదే. కొందరికి అది పొద్దున ఐదున్నర నుంచి ఆరున్నర, మూడు బాక్సులు మూడు రకాలుగా సర్దే వేళ. కొందరికి బడి వదిలే వేళ. ఎక్కువమందికి, నా అంచనాలో, ఇంట్లో అడుగుపెట్టిన మొదటి గంట. ఉద్యోగం చేసి వచ్చిన మనిషిని ఇల్లు ఎలా లోపలికి రానిస్తుందో తేలేది ఆ గంటలోనే.

ఇక్కడ దేశం లెక్క ఒకటి చెప్పుకోవాలి. ఎవరు రోజును ఎలా ఖర్చుపెడతారో జాతీయ గణాంక కార్యాలయం సర్వే చేస్తుంది. 2024 సర్వేలో జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. మగవాళ్ళు 88 నిమిషాలు; రెండు సగటులూ అలాంటి పని చేసేవాళ్ళ వరకే. ఈ రెండొందల నిమిషాల తేడాను ఏ ఆఫీసు కూడా మీ నుంచి తీసేయలేదు. ఇంట్లో తేల్చుకోవలసిందే.

తేల్చుకోవడం ఎలా? ముందు డబ్బుతో పోయేదేదో చూడండి. తాడేపల్లిగూడెంలోనూ ఏలూరులోనూ వీధికో కర్రీ పాయింటు వచ్చింది. వారంలో రెండు రోజులు కూర అక్కడ తెచ్చుకుంటే కొంపలేం మునగవు. "ఉద్యోగం పేరు చెప్పి పిల్లలకి బజారు కూర పెడుతోంది" అనే పిన్నిగార్లు ఉంటారు. వాళ్ళ పిల్లలు హైదరాబాదులో రోజూ తినేది ఆ బజారు కూరే. డబ్బుతో పోనిది మొగుడితో మాట్లాడాలి.

మాట్లాడేటప్పుడు సాయం అడగొద్దు. సాయం అంటే పని మీదే, గుర్తుపెట్టుకోవడమూ మీదే, ఆయన మధ్యలో చేయి వేస్తాడంతే. ఉల్లిపాయలు తరగమంటే తరుగుతాడు, కానీ ఉల్లిపాయలు అయిపోయాయని ఎవరు చూడాలి? అందుకే ఒక పనిని మొదలు నుంచి చివరిదాకా అప్పజెప్పండి.

"ఏవండీ, సోమవారం నుంచి బాబు బడి పని మొత్తం మీది."

"నేను దింపుతూనే ఉన్నాను కదా."

"దింపడం ఒక్కటే కాదు. డైరీ చూడటం, సంతకం పెట్టడం, ఫీజు తేదీ, శనివారం తెల్ల యూనిఫాం, మీటింగు ఉంటే వెళ్ళడం, అన్నీ. నేను గుర్తు చేయను."

మొదటి శనివారం బాబు నీలం యూనిఫాంతోనే వెళతాడు. వెళ్ళనివ్వండి. మీరు వెనకాల పరుగెత్తి తెల్లచొక్కా అందించారంటే ఆ పని మళ్ళీ మీ ఖాతాలో పడ్డట్టే. రెండు మూడు వారాల పాటు నోరు కట్టుకోవడం అన్నిటికంటే కష్టమైన భాగం. చాలామంది ఓడిపోయేది ఇక్కడే, మొగుడు ఒప్పుకోనందుకు కాదు.

అత్తగారితో మాట్లాడాల్సిన పని కొడుకుది. కోడలు అడిగితే అది ఫిర్యాదులా వినిపిస్తుంది, కొడుకు అడిగితే ఏర్పాటులా వినిపిస్తుంది. "అమ్మా, తను వచ్చేసరికి ఆరున్నర అవుతోంది. కుక్కరు నువ్వు పెట్టేయ్, కూర నేను తెస్తాను" అని ఆయన చెప్పాలి. అయితే ఒక్క మాట. మన ఇళ్ళల్లో పిల్లల్ని పెంచి, మనవల్నీ పెంచుతున్న ఆ పెద్దావిడకు షుగరు ఉంటుంది, మోకాళ్ళ నొప్పులుంటాయి. మీ ఉద్యోగం నిలబడేది ఆవిడ మోకాళ్ళ మీద అయితే, ఆవిడకీ ఆదివారం సెలవు ఉండాలి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి వెళతానన్నా, తమ్ముడింటికి వెళతానన్నా ఆ రోజు పిల్లల్ని ఆవిడకు వదిలేయకండి.

ఆఫీసులో అడగడం

"మా సార్ మంచోడే" అని చాలామంది అంటారు. మంచితనం ఒక్కటే సరిపోదని పరిశోధనలు చెబుతున్నాయి. ఎలెన్ కోసెక్, లెస్లీ హామర్ మరికొందరితో కలిసి అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నిటినీ 2011లో ఒకచోట చేర్చి చూశారు. మామూలుగా ఆదరించే అధికారి కంటే, కుటుంబం విషయంలో ప్రత్యేకంగా సర్దుబాటు చేసే అధికారి ఉన్నచోట ఇంటికీ ఉద్యోగానికీ మధ్య గొడవ బాగా తగ్గుతోందని తేలింది. అంటే పుట్టినరోజుకి కేకు కోయించే సారు కంటే, పేరెంట్స్ మీటింగు రోజున షిఫ్టు మార్చే సారు మేలు. మొదటి రకం సారు రెండో రకంగా మారాలంటే మీరు అడగాలి. మీకు ఏం కావాలో ఆయనకు నిజంగా తెలియదు.

బ్యాంకుల్లో మార్చి నెలలో, ప్రైవేటు బళ్ళలో అడ్మిషన్ల వేసవిలో, ఆసుపత్రుల్లో డెంగీ సీజన్లో అడగొద్దు. పని సద్దుమణిగిన నెల మధ్యలో అడగండి. ఒక్కటే అడగండి, బదులుగా ఒకటి ఇవ్వండి. "సార్, నెలాఖరు క్లోజింగుకి ఎంత రాత్రయినా నేను ఉంటాను. మిగతా రోజుల్లో ఐదున్నర బండి అందేలా వదిలేయండి. మూడు నెలలు చూసి, పని ఆగితే మళ్ళీ మాట్లాడుకుందాం." ఇందులో ఏడుపు లేదు, బెదిరింపు లేదు. ఒప్పుకుంటే ఆ సాయంత్రమే "మనం అనుకున్నట్టు" అని రెండు లైన్ల మెయిలు పెట్టండి. సార్లు బదిలీ అయిపోతారు, మెయిలు ఉంటుంది.

అడుక్కోవలసిన అవసరం లేనివి కూడా కొన్ని ఉన్నాయి. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు. కాన్పుకు ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. గర్భస్రావమైతే ఆరు వారాలు. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి చూసి రావచ్చు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఇవే హక్కులు ఉన్నాయి. ఆసుపత్రులకీ ప్రైవేటు బళ్ళకీ కాలేజీలకీ కూడా ఇది వర్తిస్తుంది. కాంట్రాక్టు గడువు మధ్యలో అయిపోయినా ప్రసూతి ప్రయోజనం ఆగకూడదని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. కడుపుతో ఉన్న సంగతి తెలియగానే "నువ్వే రాజీనామా ఇచ్చేస్తే మర్యాదగా ఉంటుందమ్మా" అని నచ్చజెప్పే యాజమాన్యాలు ఉన్నాయి. ఆ మర్యాద ఖరీదు 26 వారాల జీతం. సంతకం పెట్టొద్దు.

రాష్ట్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు పిల్లల సంరక్షణ సెలవు 2016లో 60 రోజులుగా మొదలై 2022లో 180 రోజులైంది. పదో తరగతి పరీక్షల నెలలో వాడుకోవచ్చని తెలిసీ, "హెడ్మాస్టరు ఏమనుకుంటారో" అని వాడుకోని టీచర్లు ఎంతమందో. స్టేట్ బ్యాంకు లాంటి చోట్ల మహిళా ఉద్యోగులకు రెండేళ్ళ దాకా జీతం లేని దీర్ఘకాల సెలవు పథకం ఉంది. మానేయడం కంటే అది వేయి రెట్లు నయం. తిరిగి వస్తే కుర్చీ ఉంటుంది.

ఆ ఒక్క రోజు

నెమ్మదిగా పేరుకున్న విసుగు ఒక్కటే మనిషిని పంపేయదు. థామస్ లీ, టెరెన్స్ మిచెల్ 1994లో రాసింది ఇదే. చాలా రాజీనామాల వెనక ఒక కుదుపు ఉంటుంది. అప్పటిదాకా నెట్టుకొచ్చిన మనిషి ఆ సంఘటనతో ఒక్కసారిగా తేల్చేసుకుంటుంది. మనకు తెలిసిన కుదుపులు: జ్వరంతో ఉన్న పాపను వదిలి వెళ్ళిన రోజే ఆఫీసులో అందరి ముందు మాటపడటం, అత్తగారు పడిపోతే గంట పర్మిషన్ కూడా దొరక్కపోవడం, ఇల్లు కదలకుండా కట్టుకున్న ఏర్పాట్లన్నీ తలకిందులు చేసే దూరపు బదిలీ.

కుదుపు వచ్చిన వారంలో రాజీనామా రాయొద్దు. రాసినా పంపొద్దు. ఆ వారం మోబ్లీ చెప్పిన మధ్య మెట్ల పని చేయండి, ముఖ్యంగా లెక్క.

లెక్క దగ్గర అందరూ ఒకేచోట పొరపడతారు. అమ్మాయి జీతం 22,000 అనుకుందాం. డే కేర్ 5,000, పనిమనిషి 3,000, ఆటోలూ రైలు పాసూ 2,500. "మిగిలేది పదకొండున్నర వేలు, దానికోసం ఈ అవస్థ ఎందుకు" అంటారు. డే కేరు మొత్తం ఆవిడ జీతంలోంచే ఎందుకు తీసేశారు? పిల్లాడు ఇద్దరి పిల్లాడే కదా. సగం ఆయన జీతంలో రాయండి. పనిమనిషి తోమే గిన్నెల్లో ఆయన తిన్న కంచం కూడా ఉంది, అందులోనూ సగం. ఇప్పుడు మిగిలేది పదిహేనున్నర వేలు. దానికి యజమాని కట్టే పీఎఫ్ వాటా కలపండి. పిల్లాడు బడికి వెళ్ళడం మొదలైతే డే కేరు ఖర్చు పోతుంది. ఈ మూడేళ్ళ ఖర్చు చూసి ముప్ఫై ఏళ్ళ జీతాన్ని కొట్టేయడం ఏ లెక్కో నాకైతే అర్థం కాదు.

ఇంకా చూడాల్సినవి ఉన్నాయి. గ్రాట్యుటీకి మామూలుగా ఐదేళ్ళ సర్వీసు నిండాలి. చివరి బేసిక్, డీఏ కలిపి 15,000 అయితే ఐదేళ్ళకు వచ్చేది సుమారు 43,000. నాలుగున్నరేళ్ళ దగ్గర మానేయాలనుకుంటే ఆరు నెలలు ఓపిక పట్టడం తప్పేమీ కాదు. ఉద్యోగుల పెన్షన్ పథకంలో నెలవారీ పెన్షన్‌కి పదేళ్ళ సర్వీసు కావాలి. మానేశాక పీఎఫ్‌తో పాటు పెన్షన్ డబ్బూ తీసేసి బంగారం కొనేస్తే ఆ సర్వీసు తెగిపోతుంది, ఐదేళ్ళ సర్వీసు నిండకముందే పీఎఫ్ తీస్తే పన్ను కూడా పడుతుంది.

ఇన్ని చెప్పాక, మానేయడమే సరైన సందర్భాలు లేవని కాదు. రాత్రి షిఫ్టుల వల్ల బీపీ అదుపు తప్పుతోందని డాక్టరు చెబితే షిఫ్టు మార్చమని రాతపూర్వకంగా అడగండి. మార్చకపోతే వెళ్ళిపోండి. చేయి వేసే అధికారి ఉన్నచోట మాత్రం ముందు రాజీనామా ఇవ్వకండి, ముందు ఫిర్యాదు ఇవ్వండి. 2013 చట్టం ప్రకారం పదిమందికి తక్కువ కాకుండా ఉన్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న దుకాణాలకూ క్లినిక్కులకూ జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. వారం చిట్టా రాశాక, ఇంట్లో పని పంచుకున్నాక, ఆఫీసులో అడిగాక కూడా ఆ గంట అలాగే ఉంటే, ఆ ఉద్యోగం మీకు సరిపడనిదే.

ఈ పుస్తకం చదివే వీలు లేనివాళ్ళ సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లకు తెల్లవారకముందే కంపెనీ బస్సులు ఆడవాళ్ళను ఎక్కించుకుని వెళతాయి. ఐసునీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలకాయలు తీసే పని, చాలాచోట్ల కిలో లెక్కన కూలి. అక్కడ మానేయడం అంటే రాజీనామా కాదు, రేపు బస్సు ఎక్కకపోవడం. వాళ్ళను "పని మీద శ్రద్ధ లేదు" అనే సూపర్‌వైజరు, పిల్లల్ని వదిలే చోటు ఉందా అని ఒకసారి అడిగి చూడాలి. పల్లెల్లో పిల్లల్ని చూసుకునేది అంగన్‌వాడీ. ఆ అంగన్‌వాడీ అక్కలే 2023 డిసెంబరు 12 నుంచి నలభై రెండు రోజులు సమ్మె చేశారు. జీతం పెంచమన్నారు, గ్రాట్యుటీ ఇమ్మన్నారు. ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది, అయినా విరమించలేదు. ఒత్తిడి భరించలేనప్పుడు ఒంటరిగా మానేయడమా, కలిసి అడగడమా అన్న ప్రశ్నకు వాళ్ళు రెండోదాన్ని ఎంచుకున్నారు. మీ ఆఫీసులో ఐదున్నర బండి ఎక్కేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే, సార్ గదిలోకి ఒక్కరే వెళ్ళకండి.

చివరికి మానేయాలనే తేలితే, తిరిగి వచ్చే దారి ఉంచుకుని మానేయండి. నోటీసు పీరియడు పూర్తి చేసి రిలీవింగ్ లెటరు, అనుభవ పత్రం చేతికి తీసుకున్నాకే బయటికి రండి, తర్వాత పంపిస్తామంటే పంపరు. పీఎఫ్ ఖాతా నంబరు జాగ్రత్త చేసుకుని, డబ్బు కదపకుండా ఉంచండి. నర్సులైతే నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ తేదీని ఇంటి క్యాలెండరు మీద రాసుకోండి. టీచర్లకు టెట్ సర్టిఫికెట్ ఇప్పుడు జీవితకాలం చెల్లుతుంది, కాబట్టి డీఎస్సీ పుస్తకాలు అటక ఎక్కించకండి. మీకంటే పై స్థానంలో ఉన్నవాళ్ళలో మీ పని తెలిసిన ఒకరిని ఎంచుకుని, వెళ్ళే ముందే అడగండి: "మేడమ్, ఏడాదిన్నర తర్వాత నేను వస్తానంటే తీసుకుంటారా?" ఆవిడ అవుననకపోవచ్చు. ఎవరిని కలవాలో మాత్రం చెబుతారు. ఆ పేరు ఫోనులో సేవ్ చేసుకుని, సంక్రాంతికో ఉగాదికో ఒక ఫోను చేస్తుండండి.